పటికతో పెద్ద స్ఫటికం పెంచడం: నైకా గుహ చూపిన దారి

మెక్సికోలోని చివావా రాష్ట్రంలో నైకా అని ఒక గని ఉంది. సీసం, జింకు, వెండి తీసిన గని. 2000లో అక్కడ సుమారు 300 మీటర్ల లోతున సొరంగం తవ్వుతుంటే ఒక గుహ బయటపడింది. లోపల జిప్సం స్ఫటికాలు కూలిన మండువా ఇంటి దూలాల్లా అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. పొడవైనవి 11 మీటర్లు దాటతాయి, మందం మీటరు దాకా ఉంటుంది. లోపలి వేడి 58 డిగ్రీల దాకా, గాలిలో తేమ 90 శాతం పైన. అంత తేమలో చెమట ఆరదు కాబట్టి మామూలు బట్టలతో లోపలికి వెళ్లినవాళ్లు పది నిమిషాలకు మించి నిలవలేరు. పరిశోధకులు మంచు పొదిగిన కోట్లు తొడుక్కుని, చల్లబరిచిన గాలి పీలుస్తూ పని చేశారు.

అంతటివి ఇంట్లో పెంచలేం. కానీ అవి అలా పెరగడానికి కారణమైన సూత్రాన్ని పట్టుకుంటే, కిరాణా కొట్టు పటికతో అరచేతిలో నిండుగా పట్టే స్ఫటికాన్ని రెండు నెలల్లో పెంచవచ్చు. బడిలో చేయించే పటిక ప్రయోగం చాలామందికి తెల్లటి గుత్తిగా, పిండి ముద్దగా మిగిలిపోతుంది. అలా ఎందుకవుతుందో నైకాను చూస్తే తెలుస్తుంది.

గుహలో జరిగిందేమిటి

నైకా కింద, లోతుల్లో, శిలాద్రవం ఉంది. దాని వేడికి భూగర్భజలం కాగి, గుహ నిండా నిలిచింది. ఆ రాళ్లలో అన్‌హైడ్రైట్ అనే ఖనిజం ఉంది. నీరు లేని కాల్షియం సల్ఫేట్ అది. అదే కాల్షియం సల్ఫేట్ నీటిని కలుపుకుంటే జిప్సం. దాదాపు 58 డిగ్రీలకు పైన అన్‌హైడ్రైట్ నిలకడగా ఉంటుంది, ఆ గీతకు కిందికి రాగానే జిప్సం నిలకడగా ఉంటుంది. నీరు చాలా నెమ్మదిగా చల్లారి ఆ గీతకు కాస్త దిగువన ఉండిపోయింది. అన్‌హైడ్రైట్ కొద్దికొద్దిగా కరుగుతూ, జిప్సం అంతే కొద్దిగా పేరుకుంటూ వచ్చింది.

ఇందులో కీలకం ఆ "కొద్ది". నీటిలో కరిగిన పదార్థం పట్టగలిగినదాని కంటే రవ్వంతే ఎక్కువగా ఉంటే కొత్త స్ఫటికాలు పుట్టవు, ఉన్నవే పెరుగుతాయి. ఎక్కువైతే వేల చోట్ల ఒకేసారి చిన్న స్ఫటికాలు పుట్టి పదార్థాన్ని పంచుకు తినేస్తాయి. నైకా నీటితో 55 డిగ్రీల దగ్గర కొలిచిన పెరుగుదల సెకనుకు ఒక నానోమీటరులో లక్షో వంతు చిల్లర. మీటరు మందానికి చేరడానికి పది లక్షల ఏళ్ల లెక్క. అదే గనిలో 120 మీటర్ల లోతున 1910లో దొరికిన కత్తుల గుహలో స్ఫటికాలు లెక్కలేనన్ని, కానీ మీటరు, రెండు మీటర్లకు మించవు. పైన ఉన్న గుహ త్వరగా చల్లారింది. బడి ప్రయోగంలో వచ్చే పిండి ముద్దకు కారణం కూడా ఇదే.

పటిక, నీళ్లు, పాత్ర

జిప్సంతోనే ఎందుకు చేయకూడదంటే, లీటరు నీటిలో అది రెండున్నర గ్రాములే కరుగుతుంది. పటిక 30 డిగ్రీల వద్ద లీటరుకు 166 గ్రాములు కరుగుతుంది. అన్ని వైపులా నునుపైన త్రిభుజాలతో ఎనిమిది ముఖాల స్ఫటికంగా పెరుగుతుంది. విషం కాదు. మైలుతుత్తం కూడా అందంగా పెరుగుతుంది కానీ అది విషం. పిల్లలున్న ఇంట్లో దాని జోలికి పోకపోవడమే మేలు.

కిరాణా కొట్టులో పటిక అడగండి, పటికబెల్లం కాదు. గుమ్మానికి దిష్టికి కట్టేదే, గడ్డం గీసుకున్నాక రుద్దుకునేదే. అద్దంలా పారదర్శకంగా, గాజు పగిలినట్టు పగిలే గడ్డలు ఏరుకోండి. నీటి శుద్ధి కేంద్రాల్లో వాడే పలకలు మసకగా, మాసిన తెలుపులో ఉంటాయి. అది ఉత్త అల్యూమినియం సల్ఫేట్, దానితో ఈ పని జరగదు. మంచి గడ్డల్లో కూడా రెండు రకాలుంటాయి: పొటాష్ పటిక, అమ్మోనియం పటిక. చెంచాడు పొడిలో తమలపాకు సున్నం తడిగా కలిపి చూస్తే రెండో దానికి ఘాటైన అమ్మోనియా వాసన వస్తుంది. రెండూ ఒకే ఆకారంలో పెరుగుతాయి. అయితే ఇక్కడ ఇచ్చిన అంకెలు పొటాష్ పటికవి. అర కిలో తీసుకుంటే మొదలుపెట్టడానికి సరిపోతుంది, చివరిదాకా రావాలంటే కిలో ఉంచుకోండి.

నీళ్లు బ్యాటరీల కోసం అమ్మే డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది, లేదంటే ఆర్‌ఓ నీళ్లు. బోరు నీళ్లు వద్దు. బోరు నీటిలోని క్షారానికి పటికలోని అల్యూమినియం జిగురు తెట్టుగా విడిపోతుంది. బురద నీటి బిందెలో పటిక తిప్పితే నీళ్లు తేరుకునేది ఈ తెట్టు వల్లే. అక్కడ అది మేలు, ఇక్కడ అదే మసక.

ఇవి కాక: లీటరున్నర పట్టే వెడల్పు మూతి గాజు సీసా (పచ్చడి సీసా బాగుంటుంది), గ్రాము తేడా చూపే డిజిటల్ కాటా, థర్మామీటరు, అన్నిటికంటే సన్నటి నైలాన్ గాలపు తీగ, కాఫీ ఫిల్టర్ కాగితం, మూత ఉన్న థర్మోకోల్ పెట్టె. అల్యూమినియం గిన్నె వాడకండి, పటిక నీరు పుల్లనిది, గిన్నెను తింటుంది. నీళ్లు కాచడానికి స్టీలు, నిల్వకు గాజు.

ద్రావణం

పటిక లీటరు నీటిలో 20 డిగ్రీల వద్ద 114 గ్రాములు, 30 వద్ద 166, 40 వద్ద 238, 60 వద్ద 575 గ్రాములు కరుగుతుంది. ఈ నాలుగు అంకెలు గోడ మీద రాసిపెట్టుకోదగ్గవి, పొరపాట్లలో ఎక్కువ భాగం వీటితోనే అర్థమవుతాయి. విదేశీ వీడియోల్లో చెప్పే కొలతలు చాలావరకు 20 డిగ్రీల గదికి చెప్పినవి. అదే కొలత విజయవాడ ఏప్రిల్‌లో వేస్తే ద్రావణం ఆకలిగా ఉండి, వేలాడదీసిన స్ఫటికాన్నే కరిగించేస్తుంది.

లీటరు నీటిని 60 డిగ్రీలకు వేడి చేసి, దించి, 220 గ్రాముల పటిక పొడి కలపండి. మరిగించనక్కర్లేదు. పూర్తిగా కరిగాక వేడిగా ఉండగానే ఫిల్టర్ కాగితంలోంచి వడకట్టి, మూత పెట్టి ఒక రోజు కదపకుండా వదిలేయండి. గది 30 డిగ్రీలుంటే యాభై గ్రాముల చిల్లర అడుగున చిన్న స్ఫటికాలుగా దిగుతుంది. పైన మిగిలినదే గది వేడికి సరిగ్గా సంతృప్తమైన ద్రావణం. అడుగున పటిక మిగిలి ఉంటే చాలు, మీ పటిక ఏ రకమైనా, కాటా కాస్త తప్పు చూపినా ఫరవాలేదు, ద్రావణం తన లెక్క తనే సరిచేసుకుంటుంది. గది 38 డిగ్రీలుంటే మాత్రం 220 గ్రాములూ కరిగే ఉంటాయి, ఇంకో 50 వేసి మళ్లీ వేడి చేయాలి. చల్లారినా అడుగున ఏమీ దిగకపోతే చిటికెడు పటిక పొడి చల్లండి. ద్రావణం నిండుగా ఉండి మొదలుపెట్టడానికి ఆధారం దొరక్క ఆగి ఉంటే గంటలో దిగడం మొదలవుతుంది.

బీజం

పైన తేరిన ద్రావణాన్ని వేరే సీసాలోకి వంపుకుని, అందులోంచి 100 మిల్లీలీటర్లు గాజు పళ్లెంలో పోసి పలచటి గుడ్డ కప్పండి. ఒకటి రెండు రోజుల్లో అడుగున 3 నుంచి 5 మిల్లీమీటర్ల స్ఫటికాలు వస్తాయి. ఒకదాన్నొకటి తాకే లోపే తీసేయాలి. భూతద్దంతో చూసి, అంచులు పదునుగా, లోపల తెల్లటి మబ్బు లేకుండా, పక్కన మరో పిల్ల అంటుకోకుండా ఉన్నదాన్ని ఎంచుకోండి, పెద్దదిగా పెంచే బీజం అదే. పళ్లేనికి ఆనిన వైపు చదునుగా ఉంటుంది, వేలాడదీశాక అది సర్దుకుంటుంది. కానీ బీజంలో ఉన్న జంట, పగులు, మబ్బు చివరిదాకా పోవు. ఇక్కడ ఒక పూట ఎక్కువ గడిపినా నష్టం లేదు. అయిదారు మంచివి అదనంగా దాచుకోండి.

కట్టడానికి నూలు దారం వద్దు. దాని పీచు పొడవునా స్ఫటికాలు పుట్టి జపమాల తయారవుతుంది. నైలాన్ తీగకు జారుముడి వేసి, బీజం నడుముకు బిగించండి. ముడి తోక అర సెంటీమీటరుకు మించకుండా కత్తిరించండి.

వేలాడదీసే ముందు

నేరుగా మంచి బీజాన్ని ముంచకండి. ముందు పనికిరాని స్ఫటికం ఒకటి ముంచి, సీసా వెనక నుంచి టార్చి వేసి పక్క నుంచి చూడండి. ఎండలో రోడ్డు మీద గాలి మెలికలు తిరిగినట్టు కనిపించే సన్నటి ధారలు స్ఫటికం నుంచి బయలుదేరుతాయి. అవి కిందికి జారుతుంటే స్ఫటికం కరుగుతోందన్నమాట, దాని చుట్టూ ద్రావణం బరువెక్కుతోంది. ఇంకో 10 గ్రాముల పటిక వేసి, వేడి చేసి, చల్లార్చి మళ్లీ చూడాలి. ధారలు పైకి లేస్తుంటే పెరుగుతోంది, పటిక తీసేసుకున్న తేలిక ద్రావణం పైకి పోతోంది. పొగలా దట్టంగా లేస్తుంటే మరీ ఎక్కువైంది, రెండు చెంచాల నీళ్లు కలపండి. ఉందా లేదా అన్నట్టు సన్నగా లేవడమే కావలసిన స్థితి. ఏమీ కదలకపోతే సరిగ్గా సంతృప్తం, అదీ మంచిదే.

ఇప్పుడు బీజాన్ని పెన్సిలుకు కట్టి, ద్రావణం మధ్యలో, అడుగుకూ గోడలకూ కనీసం మూడు నాలుగు సెంటీమీటర్ల దూరంలో ఉండేలా దించండి. దించే ముందు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క క్షణం ముంచి తీస్తే పైన అంటుకున్న కంటికి కనపడని పొడి కరిగిపోతుంది. లేదంటే ఆ పొడి రేణువులే రేపటికి కొత్త స్ఫటికాలవుతాయి. సీసా లోపలి అంచుకు, తీగకు ద్రావణం పైన ఉన్న భాగానికి పలచగా వాజిలిన్ రాయండి. పటిక గోడ ఎక్కి పాకుతూ బయటికి రావడం దీనితో ఆగుతుంది.

వేడి నిలకడ

అసలు కష్టం ఇక్కడే. గది రాత్రి 27 డిగ్రీలు, మధ్యాహ్నం 33 అయిందంటే లీటరు ద్రావణం అదనంగా 35 గ్రాముల దాకా కరిగించుకోగలదు. మీ స్ఫటికం బరువు 10 గ్రాములు. మధ్యాహ్నం అది అంచులు కోల్పోయి గుండ్రబడుతుంది, రాత్రి ఆత్రంగా తిరిగి పేరుకుంటుంది. ఆ రాత్రి పొరలో ద్రావణం బుడగలుగా చిక్కుకుని తెల్లటి మబ్బవుతుంది. రోజుకో పొర చొప్పున, నెలకు స్ఫటికం పాలరాయిలా తయారవుతుంది.

సీసాను థర్మోకోల్ పెట్టెలో పెట్టి, చుట్టూ రెండు లీటర్ల నీళ్ల సీసాలు మూడో నాలుగో పేర్చండి. అంత నీరు వేడెక్కడానికీ చల్లారడానికీ గంటలు పడుతుంది కాబట్టి లోపల మార్పు ఒకటి రెండు డిగ్రీలకు పడిపోతుంది. ఇంటి మధ్య గదిలో, నేల మీద, బయటి గోడకు దూరంగా ఉంచండి. ఏసీ గది వద్దు, వేస్తూ ఆపుతూ ఉండేదాని కంటే వేడి గది నయం. ఫ్రిజ్ అసలు వద్దు. మన దగ్గర జూలై నుంచి సెప్టెంబరు దాకా పగటికీ రాత్రికీ తేడా తక్కువ, మొదటిసారి చేసేవారికి ఆ నెలలు అనుకూలం.

అర డిగ్రీ, డిగ్రీ ఊగిసలాటకు మాత్రం భయపడనక్కర్లేదు. స్పెయిన్‌లోని పుల్పీ దగ్గర, మినా రికా గనిలో ఎనిమిది మీటర్ల పొడవున్న స్ఫటిక గుహ ఉంది, 2019 నుంచి సందర్శకులను రానిస్తున్నారు. అక్కడి జిప్సం కొన్ని చోట్ల అద్దమంత తేటగా ఉంటుంది. స్వల్పమైన వేడి మార్పులకు చిన్న స్ఫటికాలు కరిగి, పెద్దవి వాటిని తిని పెరిగాయన్నది దాని పుట్టుకకు ఇచ్చే వివరణల్లో ఒకటి.

ఎంత వేగం

పెరుగుదలకు కావలసిన మిగులు ఆవిరి నుంచి వస్తుంది. 30 డిగ్రీల వద్ద 10 మిల్లీలీటర్ల నీరు ఆవిరైతే 1.7 గ్రాముల పటిక బయటపడుతుంది. సీసా లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లయితే మట్టం ఒక మిల్లీమీటరు తగ్గడమంటే 8 మిల్లీలీటర్లు, అంటే 1.3 గ్రాములు. ఈ లెక్కతో వేగం అదుపు చేయవచ్చు.

అంచు 1 సెంటీమీటరున్న స్ఫటికం బరువు 0.8 గ్రాము. 2 సెంటీమీటర్లకు 6.6, మూడుకు 22, నాలుగుకు 53, అయిదుకు 103 గ్రాములు. చిన్న స్ఫటికం రోజుకు 1.3 గ్రాములు మింగలేదు, మిగిలినది అడుగున పిల్లలుగా పుడుతుంది. అందుకే మొదటి రెండు వారాలు సీసాకు కాగితం బిగించి, దానికి నాలుగు గుండుసూది బెజ్జాలు మాత్రమే పెట్టండి. అంచు 2 సెంటీమీటర్లు దాటాక బెజ్జాలు పెంచి, రోజుకు మిల్లీమీటరు మట్టం తగ్గేలా చూసుకోండి. అప్పుడు, ఆ సైజులో, ఒక్కో ముఖం రోజుకు అర మిల్లీమీటరు ఎదుగుతుంది. అంతకు మించితే మబ్బు ఖాయం. నైకాలో ఆ అర మిల్లీమీటరుకు వెయ్యేళ్లకు పైనే పట్టి ఉంటుంది.

రోజుకు మిల్లీమీటరు మట్టం చొప్పున 4 సెంటీమీటర్ల అంచుకు ఏడెనిమిది వారాలు, 5 సెంటీమీటర్లకు పన్నెండు వారాల పైనే. 103 గ్రాముల కోసం 600 మిల్లీలీటర్లకు పైగా నీరు ఆవిరవ్వాలి కాబట్టి మట్టం పడిపోయి స్ఫటికం తల బయటపడుతుంది. అలా జరగకముందే, వారానికోసారి, అదే గదిలో నిల్వ ఉన్న సంతృప్త ద్రావణంతో నింపండి. కొత్త ద్రావణం, సీసాలోది ఒకే వేడిలో ఉండాలి. రెండు డిగ్రీలు వేడిగా ఉన్నది పోస్తే పదునైన అంచులు నిమిషాల్లో పోతాయి.

తప్పేవి

అడుగున పిల్ల స్ఫటికాలు పుట్టడం అందరికీ జరుగుతుంది. వాటిని అలాగే వదిలేస్తే పటికంతా వాటికే పోతుంది. స్ఫటికాన్ని పైకి తీసి, వెంటనే టిష్యూ కాగితంతో ఒత్తి తడి తీసేయండి. తుడవకపోతే ఆ తడి ఆరి ముఖాల మీద చుక్కలు కడుతుంది. ద్రావణాన్ని వేరే పాత్రలోకి వంపి, అడుగువి అందులోనే వేడి చేసి కరిగించి, వడకట్టి, గది వేడికి పూర్తిగా వచ్చాక టార్చి పరీక్ష మళ్లీ చేసి అప్పుడే దించండి. ఈ మధ్యలో స్ఫటికాన్ని మూత ఉన్న డబ్బాలో ఉంచాలి, ఫ్యాను గాలికి వదలకూడదు. చేత్తో పట్టుకోవాల్సి వస్తే పొడి చేత్తో, తీగ దగ్గర పట్టుకోండి.

స్ఫటికం మీదే పిల్ల అంటుకుంటే గోటితో మెల్లగా తీసేసి, ఆ చోటును తడి గుడ్డతో ఒకసారి రుద్దండి, వారంలో నునుపవుతుంది. బాగా పెద్దదయ్యేదాకా ఆగితే తీయలేరు. ఒక వైపే ఎక్కువ పెరుగుతుంటే గోడకు దగ్గరగా ఉందేమో చూడండి. ముడి దగ్గర మొదటి రోజే కరిగి బీజం జారిపడితే ద్రావణం చాలలేదన్నమాట. దారాన్ని నిందించి లాభం లేదు. స్ఫటికం హఠాత్తుగా చిట్లితే తీసినప్పుడో దించినప్పుడో వేడి తేడా ఎక్కువైంది.

దాచడం, రంగు

పటిక స్ఫటికంలో బరువులో దాదాపు 45 శాతం నీరే. పొడి గాలిలో ఆ నీరు మెల్లగా పోయి, పై పొర తెల్లటి పిండిగా మారుతుంది. పూర్తిగా ఆరాక రంగులేని గోళ్ల పాలిష్ రెండు పలచటి పూతలు వేయండి, లేదా బిగుతు మూత గాజు సీసాలో ఉంచండి. ఎండ తగిలే అల్మారా వద్దు. నైకా స్ఫటికాలకు కూడా గాలి పడలేదు. గనిలో నీరు పంపులతో తోడినన్నాళ్లూ అవి బయట ఉన్నాయి, తోడడం ఆగాక గుహ మళ్లీ మునిగింది.

తెల్లది ఒకటి కుదిరాక రంగుది ప్రయత్నించవచ్చు. రసాయనాల కొట్లలో దొరికే క్రోమ్ పటిక ముదురు ఊదా రంగుది, దాని స్ఫటిక నిర్మాణం మామూలు పటికదే. అందుకే ఒకదాని మీద ఒకటి పెరుగుతాయి. సెంటీమీటరు ఊదా బీజాన్ని రంగులేని ద్రావణంలో పెంచితే గాజు లోపల ఊదా గుండె కనిపిస్తుంది. దీనికి ద్రావణం టార్చి పరీక్షలో కచ్చితంగా పెరుగుదల వైపే ఉండాలి. కాస్త ఆకలిగా ఉన్నా ఊదా కరిగి సీసా అంతా లేత రంగు పడుతుంది, ఆపైన పెరిగే పొర కూడా తేటగా రాదు. క్రోమ్ పటికను కరిగించేటప్పుడు 60 డిగ్రీలు దాటనివ్వకండి. దాటితే ద్రావణం ఆకుపచ్చగా మారి, చల్లారినా చాలా రోజులపాటు స్ఫటికాలు ఇవ్వదు.